పోటీ పరీక్షకు ఇడియమ్స్: జాబితా, పాత ప్రశ్నపత్రాలు, పత్రిక, ఫ్లాష్‌కార్డులలో దేన్ని ఎంచుకోవాలి?

పోటీ పరీక్ష కోసం ఇంగ్లిష్ జాతీయాలు, అంటే మనమందరం ఇడియమ్స్ అని పిలుచుకునేవి, చదవాలని కూర్చున్న అభ్యర్థికి మొదటి రోజే అరడజను దారులు కనిపిస్తాయి. అక్షర క్రమంలో వందలకొద్దీ ఇడియమ్స్ పేర్చిన పుస్తకం ఒక దారి. శరీర భాగాలు, జంతువులు, రంగులు అని వర్గాలుగా విడగొట్టిన జాబితా మరొకటి. గత సంవత్సరాల ప్రశ్నపత్రాలు, ఫోనులో ఫ్లాష్‌కార్డుల (ఒకవైపు ప్రశ్న, వెనుకవైపు జవాబు ఉండే కార్డుల) యాప్, వీడియో పాఠాలు ఉండనే ఉన్నాయి. ఇవేవీ అక్కర్లేదు, రోజూ ఇంగ్లిష్ దినపత్రిక చదివితే చాలు అనే సలహా కూడా వినిపిస్తుంది. వీటిలో ఏదీ పనికిరానిది కాదు. కానీ తాను రాయబోయే పరీక్ష ఏమిటి, చేతిలో ఎన్ని నెలలున్నాయి, తన ఇంగ్లిష్ ఏ స్థాయిలో ఉంది అని చూసుకోకుండా, స్నేహితుడు కొన్న పుస్తకమే తానూ కొని, ‘సి’ అక్షరం దాటకముందే అలసిపోయి వదిలేసినవారిని నేను చాలామందిని చూశాను. పద్ధతిని ఎంచుకోవడానికి ఒక పూట కేటాయిస్తే తరువాత ఎన్నో వారాలు కలిసివస్తాయి కనుక, ఈ దారులను పక్కపక్కన పెట్టి చూడటం అవసరం.

పరీక్ష అడిగే తీరు

ముందుగా పరీక్ష ఏమి అడుగుతుందో స్పష్టంగా తెలియాలి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకు స్టాఫ్ సెలెక్షన్ కమిషన్ (ఎస్‌ఎస్‌సీ) నిర్వహించే డిగ్రీ స్థాయి పరీక్ష సీజీఎల్. దాని మొదటి దశ అయిన టైర్-1లో మొత్తం 100 ప్రశ్నలు, 200 మార్కులు, 60 నిమిషాలు ఉంటాయి. అందులో ఇంగ్లిష్‌కు 25 ప్రశ్నలు, 50 మార్కులు. ప్రస్తుత విధానం ప్రకారం టైర్-2లో ఇంగ్లిష్ వాటా 45 ప్రశ్నలకు, 135 మార్కులకు పెరుగుతుంది. సైనిక అధికారుల ఎంపికకు యూపీఎస్సీ నిర్వహించే సీడీఎస్‌లో ఇంగ్లిష్ ప్రత్యేకంగా ఒక పేపరు: రెండు గంటల్లో 120 ప్రశ్నలు, 100 మార్కులు. ఇంటర్ తరువాత సైన్యంలో చేరేందుకు రాసే ఎన్డీఏలో 600 మార్కుల జనరల్ ఎబిలిటీ పేపరులో ఇంగ్లిష్‌ది 200 మార్కుల వాటా. వీటన్నిటిలోనూ ఇడియమ్స్‌కు వచ్చేది కొద్ది ప్రశ్నలే. అయినా తెలిసినవారికి పది సెకన్లలో తేలిపోయే ప్రశ్నలవి. అక్కడ మిగిలిన సమయం కాంప్రహెన్షన్ పాసేజీకి అక్కరకు వస్తుంది కనుక, వాటి విలువను మార్కులతో మాత్రమే కొలవకూడదు.

బ్యాంకు పరీక్షల తీరు వేరు. బ్యాంకు అధికారుల ఎంపికకు ఐబీపీఎస్ సంస్థ జరిపే పీఓ పరీక్ష తొలి దశ అయిన ప్రిలిమ్స్‌లో ఇంగ్లిష్‌కు 30 ప్రశ్నలు, 20 నిమిషాలు ఉంటాయి. అక్కడ ‘ఈ ఇడియమ్ అర్థం ఏమిటి’ అని సూటిగా అడగడం తక్కువ. వాక్యంలో గీత గీసిన పదబంధాన్ని సరైనదానితో మార్చమనడం, ఖాళీ నింపమనడం, ఒకే పదబంధం ఏ వాక్యంలో సరిగా వాడబడిందో చెప్పమనడం ఎక్కువ. అంటే ఎస్‌ఎస్‌సీ అభ్యర్థికి అర్థం తెలిస్తే చాలావరకు సరిపోతుంది. బ్యాంకు అభ్యర్థికి ఆ ఇడియమ్‌లోని ప్రిపొజిషన్, ఆర్టికల్ కూడా తెలియాలి. ‘బ్రేక్ ది ఐస్’లో ‘ది’ ఉందని, ‘ఎట్ ది ఎలెవెన్త్ అవర్’లో మొదటి పదం ‘ఎట్’ అని, ‘బై ఫిట్స్ అండ్ స్టార్ట్స్’లో రెండు పదాలూ బహువచనాలేనని గమనించనివారు, అర్థం తెలిసి కూడా మార్కు పోగొట్టుకుంటారు.

దీనికంటే ముఖ్యమైన మరో సంగతిని చాలామంది పట్టించుకోరు. పరీక్షలో ఇచ్చే నాలుగు ఆప్షన్లూ ఇంగ్లిష్‌లోనే ఉంటాయి. ‘బరీ ది హాచెట్’ అంటే రాజీపడటమని తెలుగులో కంఠతా పట్టినవారికి, ఎదురుగా ‘మేక్ పీస్’, ‘హైడ్ ఎ క్రైమ్’, ‘గివ్ అప్ హోప్’, ‘ఫర్గెట్ ఎ ఫ్రెండ్’ అని కనిపించినప్పుడు రాజీ అనే మాటను మళ్లీ ఇంగ్లిష్‌లోకి మార్చుకోవలసిన పని పడుతుంది. హాచెట్ అంటే చిన్న గొడ్డలి అని తెలిసినవారికి రెండో ఆప్షన్ ఇంకా ఆకర్షణీయంగా కనబడుతుంది, ఎందుకంటే గొడ్డలిని పాతిపెట్టడమంటే నేరం దాచడమనే తోస్తుంది. పరీక్షలో జరిగేది ఇదే: చదివిన కొన్ని వారాల తరువాత, దగ్గర దగ్గరగా ఉన్న నాలుగు ఇంగ్లిష్ అర్థాల మధ్య ఒకదాన్ని కొన్ని సెకన్లలో ఏరుకోవాలి. ఏ పద్ధతినైనా ఈ పనికి ఎంత దగ్గరగా ఉందో చూసి తూచాలి గాని, రోజుకు ఎన్ని పేజీలు పూర్తవుతున్నాయో చూసి కాదు.

అక్షర క్రమం జాబితా, వర్గాల జాబితా

అక్షర క్రమంలో ఉన్న పెద్ద పుస్తకం వెతుక్కోవడానికి మంచిది, చదవడానికి మంచిది కాదు. నిఘంటువును మొదటి పేజీ నుంచి చదువుకుంటూ పోయి భాష నేర్చుకున్నవారు ఉండరు. అక్షర క్రమానికి ప్రాధాన్యం తెలియదు. పరీక్షల్లో పదేపదే వచ్చే ఇడియమ్, ఎన్నడూ రాని ఇడియమ్ ఒకే పేజీలో, ఒకే పరిమాణంలో అచ్చయి ఉంటాయి. పైగా ‘ఎ’, ‘బి’ విభాగాలు నాలుగైదుసార్లు తిరగేసినవారికి ‘టి’ విభాగం ఒక్కసారి కూడా అందదు. అయినా ఇలాంటి పుస్తకం ఒకటి బల్లమీద ఉండాలి. మాక్ టెస్టులో తగిలిన కొత్త ఇడియమ్‌ను సరిచూసుకోవడానికి అది కావాలి. కొనేటప్పుడు ప్రతి ఇడియమ్‌కూ ఒక పూర్తి వాక్యం ఇచ్చారా లేదా అన్నది మాత్రం చూడండి. అర్థాలు మాత్రమే ఉండి వాక్యాలు లేని పుస్తకం ఎంత చౌకగా దొరికినా వద్దనే నా సలహా.

వర్గాల జాబితా చూడటానికి ముచ్చటగా ఉంటుంది కనుక చాలామంది దానివైపు మొగ్గుతారు. అందులోని ఇబ్బంది వారం తరువాత గాని బయటపడదు. నీటికి సంబంధించినవాటినే తీసుకోండి. ‘ఇన్ హాట్ వాటర్’ అంటే చిక్కుల్లో పడటం. ‘హోల్డ్ వాటర్’ అంటే వాదన నిలబడటం. ‘త్రో కోల్డ్ వాటర్ ఆన్’ అంటే ఉత్సాహం మీద నీళ్లు చల్లడం. ‘కీప్ వన్స్ హెడ్ అబౌవ్ వాటర్’ అంటే అప్పులూ ఇబ్బందుల మధ్య ఎలాగో నెట్టుకురావడం. ఈ నాలుగూ ఒకే రోజు, ఒకే పేజీలో చదివితే ఆ రోజుకు బాగానే ఉంటాయి. వారం గడిచాక నీరు మాత్రం గుర్తుంటుంది, ఏ నీరు దేనిదో గుర్తుండదు. ‘బ్రేక్ ది ఐస్’, ‘కట్ నో ఐస్’, ‘స్కేట్ ఆన్ థిన్ ఐస్’ కూడా ఇంతే. ఒకే కుదురుకు చెందిన పదాలను కలిపి నేర్చుకుంటే అవి ఒకదానినొకటి అడ్డుకుంటాయని 1993లో థామస్ టింకమ్ అనే పరిశోధకుడు కొత్త పదాల విషయంలో చూపించాడు. ఇడియమ్స్ చదివేవారి అనుభవం కూడా దీనికి భిన్నంగా ఏమీ లేదు. అందువల్ల వర్గాల జాబితాను నేర్చుకోవడానికి కాక, నేర్చుకున్న తరువాత తేడాలు సరిచూసుకోవడానికి వాడాలి. విడివిడిగా వచ్చిన నాలుగు నీటి ఇడియమ్స్‌నూ నెల తరువాత ఒకచోట పెట్టి చూసుకుంటే అప్పుడు ఆ జాబితా మేలు చేస్తుంది.

పాత ప్రశ్నపత్రాలు

ఎస్‌ఎస్‌సీ అభ్యర్థులకు నా మొదటి ఓటు పాత ప్రశ్నపత్రాలకే. ఈ పరీక్షలు చాలా రోజులపాటు, రోజుకు కొన్ని షిఫ్టులుగా జరుగుతాయి కనుక ఒక్క సంవత్సరానికే డజన్లకొద్దీ పేపర్లు పోగవుతాయి. మూడు నాలుగేళ్ల సీజీఎల్, సీహెచ్‌ఎస్‌ఎల్ (ఎస్‌ఎస్‌సీ ఇంటర్ స్థాయి పరీక్ష) పేపర్లలోని ఇడియమ్స్ ప్రశ్నలను మాత్రమే ఏరి ఒకచోట రాసుకుంటే, ఏవి తిరిగి తిరిగి వస్తున్నాయో ఎవరూ చెప్పనక్కరలేకుండానే తెలుస్తుంది. అంతేకాదు, తప్పు ఆప్షన్లను ఎలా తయారుచేస్తారో కూడా అర్థమవుతుంది. నా దృష్టిలో ఈ పద్ధతికి ఉన్న అసలు బలం ఇదే, ఎందుకంటే ఏ జాబితా పుస్తకమూ తప్పు ఆప్షన్‌ను చూపించదు.

ఒక ఉదాహరణను దగ్గరగా చూద్దాం. ‘ది మినిస్టర్ అస్యూర్డ్ దట్ ది గిల్టీ వుడ్ బి బ్రాట్ టు బుక్’ అనే వాక్యంలో చివరి మూడు పదాల అర్థం అడిగారనుకోండి. ఆప్షన్లుగా పేరు రిజిస్టరులో నమోదు చేయడం, శిక్షించడం, విడిచిపెట్టడం, చదువు చెప్పించడం ఇస్తారు. మొదటిదీ చివరిదీ ‘బుక్’ అనే పదాన్ని పట్టుకుని అల్లినవి. వీటిని పదాల నేరు అర్థం పన్నే ఉచ్చులు అనవచ్చు. మూడోది అసలు అర్థానికి సరిగ్గా వ్యతిరేకం. ఇలా నలభై యాభై ప్రశ్నలను విప్పి చూసినవారికి, ఇడియమ్‌లోని పదమే ఆప్షన్‌లో మరో రూపంలో కనిపిస్తే అనుమానించాలన్న అలవాటు దానంతట అదే వస్తుంది. ఆ అలవాటు తెలియని ఇడియమ్ ఎదురైనప్పుడు కూడా పనిచేస్తుంది.

అయితే రెండు పరిమితులు గుర్తుంచుకోవాలి. యూపీఎస్సీ తన పాత ప్రశ్నపత్రాలను తన వెబ్‌సైట్‌లోనే ఉంచుతుంది కనుక సీడీఎస్, ఎన్డీఏ అభ్యర్థులకు నమ్మదగిన ప్రతి నేరుగా దొరుకుతుంది. ఐబీపీఎస్ మాత్రం ప్రశ్నపత్రాలను బయటపెట్టదు. బజారులో బ్యాంకు పరీక్షల పాత పేపర్లుగా దొరికేవి పరీక్ష రాసినవారు గుర్తు తెచ్చుకుని చెప్పినవి. వాటిలో ప్రశ్న సారాంశం ఉండవచ్చు గాని, ఇడియమ్ ప్రశ్నకు ప్రాణమైన ఆప్షన్ల మాటలు యథాతథంగా ఉంటాయన్న హామీ లేదు. రెండో పరిమితి, ప్రశ్నను చూసి వెంటనే జవాబు చూసేసే అలవాటు. అలా చూస్తే పాత పేపరు కూడా మరో జాబితాగా మారిపోతుంది. ముందు మీ జవాబును పెన్సిలుతో గుర్తుపెట్టి, అప్పుడే కీ తెరవాలి. తప్పయితే మీరు ఎంచుకున్న తప్పును కూడా పక్కన రాసుకోవాలి.

తెలుగు నుడికారంతో ముడిపెట్టడం

తెలుగు మాధ్యమంలో చదివినవారికి ఇంతకంటే దగ్గరి దారి లేదని నేను గట్టిగా నమ్ముతాను, అదే సమయంలో ఇంతకంటే జాగ్రత్త కావలసిన దారి కూడా లేదు. మన భాషకు ఉన్న నుడికారపు సంపద చాలా పెద్దది. దాన్ని పక్కనపెట్టి ప్రతి ఇడియమ్‌నూ కొత్తగా బట్టీ పట్టడం ఉన్న ఆస్తిని వాడుకోకుండా అప్పు చేయడంతో సమానం. ‘బ్లో వన్స్ ఓన్ ట్రంపెట్’ అంటే సొంత డప్పు కొట్టుకోవడం. వాయిద్యం మారింది, బుద్ధి ఒక్కటే. ‘వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్’ అంటే అమావాస్యకో పున్నానికో. రెండు భాషలూ చంద్రుణ్ణే సాక్షిగా పిలిచాయి. ‘నైన్ డేస్ వండర్’ మన మూన్నాళ్ల ముచ్చట. ‘మేక్ హే వైల్ ది సన్ షైన్స్’ అంటే దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకోవడం. ‘త్రో డస్ట్ ఇన్ సమ్‌వన్స్ ఐస్’ అక్షరాలా కళ్లలో దుమ్ము కొట్టడమే. ‘టీచ్ యువర్ గ్రాండ్‌మదర్ టు సక్ ఎగ్స్’ అనే వింత మాట మొదటిసారి విన్నవారికి ఎంత తలబద్దలు కొట్టుకున్నా అర్థం కాదు. తాతకు దగ్గులు నేర్పడమని ఒక్కసారి చెబితే ఇక మరిచిపోరు.

‘బీట్ అబౌట్ ది బుష్’ అన్నదానికి మన డొంకతిరుగుడు ఎంత చక్కగా అతుకుతుందో చూడండి. డొంక అంటే పొద. తీగ లాగితే డొంకంతా కదిలిందన్నప్పుడు ఉన్న డొంక అదే. పొదల మధ్య నుంచి వంకర తిరుగుతూ పోయే దారిని కూడా డొంక అనే అంటారు. ఇంగ్లిష్‌వారు పొద చుట్టూ కొడుతున్నారు, మనం డొంక వెంట తిరుగుతున్నాం, విషయానికి మాత్రం ఇద్దరమూ రావడం లేదు. ఇలాంటి జోడీని స్వయంగా కనిపెట్టిన రోజున కలిగే సంతోషమే ఆ ఇడియమ్‌ను మనసులో నాటుతుంది కనుక, వీలైనంతవరకు జోడీలను మీరే వెతుక్కోండి.

ఇక ప్రమాదం సంగతి. కొన్ని ఇంగ్లిష్ ఇడియమ్స్ పదాలు మన పలుకుబడి పదాలతో కలుస్తాయి, అర్థాలు కలవవు. ‘పుల్ సమ్‌వన్స్ లెగ్’ అంటే ఆటపట్టించడం, సరదాగా ఏడిపించడం. మనకు కాళ్లు పట్టి లాగడమంటే పైకి వచ్చేవాణ్ణి కిందికి దించడం. ఒక మాక్ టెస్టులో ఐదు వందల ఇడియమ్స్ చదివానని నమ్మకంగా చెప్పిన అభ్యర్థి ఒకరు దీనికి ‘ఎదుగుదలను అడ్డుకోవడం’ అన్న అర్థమున్న ఆప్షన్‌ను గుర్తించడం నేను పక్కనుండి చూశాను. చదవక చేసిన తప్పు కాదది. తెలుగు పలుకుబడి ముందుగా తలుపు తీసింది. ‘ఈట్ వన్స్ వర్డ్స్’ అంటే అన్న మాట తప్పని ఒప్పుకుని వెనక్కి తీసుకోవడం. మనకు మాటలు మింగడమంటే చెప్పవలసింది చెప్పకుండా నసగడం, మాట తప్పడమంటే వాగ్దానం నిలబెట్టుకోకపోవడం. ఈ రెండూ ఆప్షన్లలో సిద్ధంగా ఉంటాయి. ‘పుట్ వన్స్ ఫుట్ డౌన్’ అంటే కాలు మోపడం కాదు, పట్టుబట్టి గట్టిగా నిలబడటం. ‘టర్న్ సమ్‌వన్స్ హెడ్’ అంటే తల తిప్పించడం కాదు, విజయమో పొగడ్తో తలకెక్కడం. ఇలాంటివాటికి మీ నోటు పుస్తకంలో చివరి రెండు పేజీలు విడిగా కేటాయించండి. అవి పెద్ద సంఖ్యలో ఉండవు, కానీ తెలుగువారు మార్కులు పోగొట్టుకునేది సరిగ్గా అక్కడే.

కాబట్టి తెలుగు జోడీ గుర్తు తెచ్చుకోవడానికి కొక్కెం లాంటిది. జవాబు మాత్రం ఇంగ్లిష్ అర్థంలోనే ఉండాలి. తాతకు దగ్గులు అని రాసుకున్న పక్కనే, తనకంటే బాగా తెలిసినవారికి నేర్పబోవడమన్న భావాన్ని చిన్న ఇంగ్లిష్ వాక్యంగా రాసుకోనిదే ఆ కార్డు పూర్తయినట్టు కాదు.

పుట్టుక కథలు, పత్రిక, వీడియోలు

ఇడియమ్ వెనుక కథ తెలిస్తే అది నిలుస్తుందన్నది నిజమే. క్రీస్తుపూర్వం 49లో జూలియస్ సీజర్ సైన్యంతో సహా రూబికాన్ నదిని దాటి ఇటలీలో అడుగుపెట్టాడు. సైన్యంతో ఆ హద్దు దాటడం చట్టవిరుద్ధం కనుక ఇక వెనక్కి పోయే వీలు లేదు. ‘క్రాస్ ది రూబికాన్’ అంటే వెనుదిరగలేని నిర్ణయం తీసుకోవడమని వేరే చెప్పనక్కరలేదు. క్రీస్తుపూర్వం 279లో ఎపిరస్ రాజు పిరస్ రోమన్ల మీద గెలిచాడు గాని సైన్యంలో చాలా భాగాన్ని కోల్పోయాడు. గెలిచినా ఓడినట్టే ఉండే గెలుపు ‘పిరిక్ విక్టరీ’. 1801 కోపెన్‌హేగన్ యుద్ధంలో అడ్మిరల్ నెల్సన్ వెనక్కి రమ్మన్న సంకేతాన్ని చూడనట్టు చూపులేని కంటికి దుర్భిణి పెట్టుకున్నాడన్న ప్రసిద్ధ కథ, చూసీ చూడనట్టు ఉండటమనే ‘టర్న్ ఎ బ్లైండ్ ఐ’తో ముడిపడి ఉంది. ‘త్రో ఇన్ ది టవల్’ (ఓటమి ఒప్పుకోవడం), ‘హిట్ బిలో ది బెల్ట్’ (అన్యాయంగా దెబ్బతీయడం) బాక్సింగ్ బరి నుంచి వచ్చినవి. పిరికితనం చూపడమనే ‘షో ది వైట్ ఫెదర్’ కోడిపందెం నుంచి వచ్చింది, తోకలో తెల్ల ఈక ఉన్న పుంజు మేలు జాతిది కాదనీ పోట్లాటలో నిలవదనీ నమ్మేవారు.

ఇవి ఆసక్తికరమైనవే, కానీ ఒక్కో కథకు పది నిమిషాలు పడుతుంది. పైగా ఇంటర్నెట్‌లో తిరిగే పుట్టుక కథల్లో ఆధారం లేనివి ఎక్కువ. ‘రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్’ ఒక్కదానికే అరడజను కథలు చెబుతారు, ఏదీ రుజువైనది కాదు. ఎంత చదివినా గుర్తుండని ఇడియమ్‌కు మాత్రమే కథను ఆశ్రయించండి.

ఇంగ్లిష్ దినపత్రిక చదవడం భాషకు ఎంతో మేలు చేస్తుంది. అయితే ఇడియమ్స్ కోసమే చదివితే రోజంతా వెతికినా నాలుగైదు దొరకడం కష్టం, అవి కూడా పరీక్షలో వచ్చేవి కావలసిన నియమం లేదు. ఏడాదికి మించి సమయమున్నవారు, ముఖ్యంగా బ్యాంకు, సీడీఎస్ అభ్యర్థులు, సంపాదకీయాన్ని ఎలాగూ చదవాలి. అందులో తగిలిన ఇడియమ్‌ను ఆ వాక్యంతో సహా రాసుకోవాలి. ఇడియమ్ ఏ స్వరంతో, మెచ్చుకోలుగా వాడారా, ఎత్తిపొడుపుగా వాడారా అన్నది పత్రిక నేర్పినంత చక్కగా మరేదీ నేర్పదు. రెండు నెలల్లో పరీక్ష ఉన్నవారు మాత్రం ఈ దారిని నమ్ముకోకూడదు. వీడియో పాఠాల విషయంలో ఒక్క మాట చాలు: చూస్తున్నప్పుడు అన్నీ వచ్చినట్టే ఉంటుంది, కాగితం మీద పెట్టి చూసుకుంటేగాని ఎన్ని వచ్చాయో తెలియదు.

ఫ్లాష్‌కార్డులు

పై పద్ధతులన్నీ ఇడియమ్స్ ఎక్కడి నుంచి తెచ్చుకోవాలో చెబుతాయి. తెచ్చుకున్నవాటిని నిలుపుకోవడానికి ఫ్లాష్‌కార్డులకు సాటి లేదు. జర్మన్ శాస్త్రవేత్త హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ 1885లోనే తన మీద తాను ప్రయోగాలు చేసుకుని, నేర్చుకున్నదాంట్లో ఎక్కువ భాగం తొలి గంటల్లో, తొలి రోజుల్లోనే జారిపోతుందని చూపించాడు. 2006లో హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ విద్యార్థులతో చేసిన ప్రయోగంలో, ఐదు నిమిషాల తరువాత పరీక్షిస్తే పాఠాన్ని మళ్లీ చదివినవారు ముందున్నారు. వారం తరువాత పరీక్షిస్తే పాఠం చూడకుండా గుర్తు తెచ్చుకున్నవారు ముందున్నారు. ఈ తేడాయే మన అభ్యర్థులను మోసం చేస్తోంది. జాబితాను ఐదుసార్లు తిరగేసినవారికి ఆ సాయంత్రం అంతా వచ్చినట్టే తోస్తుంది, పరీక్ష మాత్రం ఆ సాయంత్రం జరగదు.

యాప్‌లలో 2006 నుంచి ఉన్న ఆంకీ చాలామందికి పరిచితం. దాని పేరుకు జపనీస్‌లో కంఠస్థం చేయడమని అర్థం. ఏ కార్డును ఏ రోజు మళ్లీ చూపాలో అదే లెక్కవేస్తుంది, తెలుగు లిపిని చక్కగా చూపిస్తుంది. ఇతరులు తయారుచేసిన కార్డుల కట్ట దిగుమతి చేసుకుంటే మొదటి రోజు సమయం కలిసివస్తుంది గాని, ఆ కార్డుల్లో మీ తప్పులు ఉండవు. కాబట్టి కార్డులు ఎవరివి వారే రాసుకోవడం మంచిది. ఫోను తెరిస్తే మరో గంట దాంట్లోనే పోతుందనుకునేవారికి కాగితపు కార్డులే మేలు. సెబాస్టియన్ లైట్నర్ అనే పాత్రికేయుడు 1970లలో ప్రచారంలోకి తెచ్చిన పెట్టె పద్ధతి దీనికి చాలు: పెట్టెలో మూడు అరలు చేసి, కొత్త కార్డులను మొదటి అరలో వేసి రోజూ, రెండో అరలోవి మూడు రోజులకొకసారి, మూడో అరలోవి వారానికొకసారి చూసుకోవాలి; జవాబు వచ్చిన కార్డు తరువాతి అరకు జరుగుతుంది, రాని కార్డు మళ్లీ మొదటి అరకు వస్తుంది.

కార్డు ముందువైపు ఇడియమ్‌ను ఒంటరిగా కాక వాక్యంలో రాయాలి: ‘ఆఫ్టర్ ఇయర్స్ ఆఫ్ క్వారలింగ్, ది బ్రదర్స్ బరీడ్ ది హాచెట్’. వెనుకవైపు మొదటి పంక్తిలో రెండు ఇంగ్లిష్ అర్థాలు, ‘మేక్ పీస్’, ‘ఎండ్ ఎ క్వారల్’. రెండో పంక్తిలో తెలుగు జోడీ, దొరికితే. మూడో పంక్తిలో, మీరు ఎప్పుడైనా తప్పు గుర్తించి ఉంటే, ఆ తప్పు ఆప్షన్. ఇంతకుమించి రాస్తే కార్డు నోట్సుగా మారి చూడబుద్ధి కాదు.

ఎవరికి ఏది

నెల రోజులే ఉన్నవారు పాత ప్రశ్నపత్రాలు తప్ప మరేదీ ముట్టుకోకండి. రోజుకు పదిహేను ప్రశ్నలు చేసి, తప్పయినవాటికి మాత్రమే కార్డులు రాయండి. తెలిసినవాటిని మళ్లీ చదివే సమయం మీకు లేదు. మూడు నుంచి ఆరు నెలలున్నవారికి పాత పేపర్లు, కార్డులు, తెలుగు జోడీల కలయిక సరిపోతుంది. రోజుకు పది కొత్తవి తీసుకుంటే రెండు నెలల్లో ఆరు వందలు పూర్తవుతాయి, మిగిలిన కాలమంతా పునశ్చరణకు దక్కుతుంది. రోజుకు ముప్పై తీసుకుంటే ఇంకా త్వరగా అయిపోతుందనిపిస్తుంది గాని, మూడో వారానికల్లా పాతవాటి పునశ్చరణే రోజుకు గంట దాటి, గణితానికి కేటాయించిన సమయాన్ని తినేస్తుంది.

ఏడాది పైబడి ఉన్నవారు పత్రికతో మొదలుపెట్టి, పరీక్షకు ఆరు నెలల ముందు పాత పేపర్లలోకి రావచ్చు. ఇంగ్లిష్ మాధ్యమంలో చదివి, వాక్యం చూడగానే భావం గ్రహించగలిగినవారికి తెలుగు జోడీల అవసరం తక్కువ. వారు ప్రిపొజిషన్లమీద దృష్టి పెట్టాలి. ఇంగ్లిష్ వాక్యం చదవడమే ఇంకా కష్టంగా ఉన్నవారు మాత్రం ఇడియమ్స్‌తో మొదలుపెట్టవద్దు. రెండు నెలలు వ్యాకరణం, సాధారణ పదజాలం చదివి రండి. వాక్యం అర్థం కానిచోట ఇడియమ్ ఎలాగూ అర్థం కాదు.

పరీక్ష హాలులో తెలియని ఇడియమ్ వస్తే వదిలేయాలా, ఊహించాలా అన్నది కూడా పరీక్షను బట్టి ఉండే ఎంపికే. సీజీఎల్ టైర్-1లో సరైన జవాబుకు 2 మార్కులు, తప్పుకు 0.50 కోత. నాలుగు ప్రశ్నలను గుడ్డిగా గుర్తించి ఒకటి సరైతే, వచ్చిన 2 మార్కుల్లో 1.50 పోయి అర మార్కు మిగులుతుంది. టైర్-2లో సరైనదానికి 3 మార్కులు, తప్పుకు ఒక మార్కు కోత కనుక అదే లెక్కలో ఏమీ మిగలదు; మూడో వంతు కోత ఉన్న సీడీఎస్‌లోనూ, ఐదు ఆప్షన్లతో పావు మార్కు కోత ఉన్న బ్యాంకు ప్రిలిమ్స్‌లోనూ అంతే. కోత నియమాలు మారుతుంటాయి కనుక ఆ ఏటి నోటిఫికేషన్‌లో సరిచూసుకోవాలి. గుడ్డి ఊహ కంటే మెరుగైనది ఏరివేత. ఇడియమ్‌లోని పదాన్నే పట్టుకుని అల్లిన ఆప్షన్‌ను ముందు తీసేయండి. తరువాత వాక్యం మంచిని చెబుతోందా చెడును చెబుతోందా చూసి, దానికి పొసగని మరొకదాన్ని తీసేయండి. రెండే మిగిలినప్పుడు పై పరీక్షలన్నిటిలోనూ గుర్తించడమే లాభం. ఒక్కటి కూడా తీసేయలేకపోతే ముందుకు సాగి, ఆ ఇడియమ్‌ను మనసులో ఉంచుకుని, ఇంటికి రాగానే కార్డు రాసి మొదటి అరలో వేయండి. తరువాతి షిఫ్టులోనో, తరువాతి పరీక్షలోనో అదే మళ్లీ రావడం అరుదేమీ కాదు.